ఇంకా గడువుండాది

పోయిన వారం పెనుకొండ దగ్గర హైవే దిగుతుంటే పోలీసులు నా బైకు ఆపారు. లైసెన్సు చూపించాను, ఆర్సీ చూపించాను. ఇన్సూరెన్సు మాత్రం కొంచెం గర్వంగా చూపించాను, ఎందుకంటే అది నా చేత్తో నేను రాసుకున్నది. రోడ్డు పక్కన గొడుగేసుకుని, మడత బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, వచ్చేపోయే బండ్లకు ఇన్సూరెన్సు రాయడమే నా బతుకు.

"పొల్యూషన్ చీటీ యాడ?" అన్నాడు కానిస్టేబులు.

సీటు కింద కవర్లో వెతికాను. నూనె మరకలు పడిన పాత చీటీ చేతికొచ్చింది. ఆ చీటీ మీద బండి ఫొటో అచ్చవుతుంది, నంబరు ప్లేటు కనిపించేట్టు. నా నంబరు ప్లేటు పక్కన, ఫొటో మూలలో, గొట్టం పట్టుకున్న రెండు వేళ్ళు కూడా పడ్డాయి. ఒక వేలికి రాగి ఉంగరం ఉంది.

ఆ ఉంగరం చూడగానే, అబద్ధం ఎందుకు చెప్పాలి, భయమేసింది. పోయిన మనిషి గుర్తొస్తే బాధ కలగాలి. నాకు మాత్రం ఆయన గుర్తొచ్చినప్పుడల్లా మొదట భయమే వేస్తుంది, బాధ తర్వాత ఎప్పుడో తీరిగ్గా వస్తుంది.

"ఏం సార్, దీని గడువు దాటి శానా దినాలైంది కదా. దినామూ పొల్యూషన్ వ్యాను పక్కనే కూకునేటోరు, మీరే ఇట్లుంటే ఎట్ల?" అన్నాడు కానిస్టేబులు. ఆయన నన్ను ఎరుగును.

ఆ వేళ్ళ మనిషి నాకు రాసిచ్చిన చివరి చీటీ అది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. కొత్త చీటీ తీయించుకోవడానికి నాకు ఇంతవరకూ మనసొప్పలేదు.

ఆయనది పొగ పరీక్ష చేసే వ్యాను. సోమ, మంగళ, బుధవారాలు హిందూపురంలో, గురువారం పెనుకొండలో, శుక్ర, శనివారాలు ధర్మవరంలో. పొగ చీటీ లేనివాడికి సాధారణంగా ఇన్సూరెన్సు కూడా ఉండదు. అందుకని ఆయన వ్యాను ఎక్కడ ఆగితే నా బల్ల అక్కడ. బల్లనూ గొడుగునూ ఆయన వ్యాన్లో ఎక్కించేసి నేను బైకు మీద వెనకాలే పోయేవాణ్ణి. ఏడేళ్ళు అట్లా గడిచాయి. ఇంట్లో మనిషితో కంటే ఆ వ్యానాయనతోనే ఎక్కువసేపు కాపురం చేస్తున్నావని మా ఆవిడ దెప్పేది.

ఆయనకు పేరుండేది. దాన్ని ఎవరూ వాడేవాళ్ళు కాదు. "పొల్యూషనన్నా" అని కేకేస్తే మూడు ఊళ్ళలోనూ పలికేవాడు. నాకు అన్నే. నన్ను "ఏమప్పా" అనేవాడు.

బండి రాగానే అందరిలాగా గొట్టం తీసి దూర్చేవాడు కాదు. ముందు సైలెన్సరు మూతికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టేవాడు. నిద్రపోతున్న పసిబిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తారే, అట్లా. కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, తర్వాత ఆ చెయ్యి వాసన చూసేవాడు.

"దీనికి ఫిల్టరు మూసకపోయిందప్పా. ఊపిరాడక సస్తాంది పాపం. పాల క్యాన్లు ఎత్తుకోని మట్టిరోడ్డులో తిరుగుతాండావు కదా నువ్వు?"

బండివాడు నోరు తెరిచేవాడు. పాల క్యాన్లు ఇంట్లో దింపి వచ్చిన మనిషి వాడు. తర్వాత గొట్టం పెడితే మిషను కూడా ఆయన చెప్పిందే చెప్పేది. మిషను నా దగ్గర పని నేర్చుకుంటాంది అని ఆయన కన్ను కొట్టేవాడు.

పెట్రోలు బైకు ఐడిలింగులో, అంటే ఊరికే నిలబడి ఆడుతూ ఉంటే చాలు, పరీక్ష అయిపోతుంది. డీజిలు బండిని రేసు ఇప్పించి చూడాలి. డీజిలు ఆటో వచ్చిందంటే ఆయన గొంతు మారిపోయేది. "ఇయ్యప్పా రేసు... ఇంగా... ఇంగా... తొక్కు, నీ బండే కదా... సాలు!" ఆయన "సాలు" అనేదాకా డ్రైవరు కాలు తీయకూడదు. ఈలోగా నల్లటి పొగ గుప్పున లేచి మా ఇద్దరినీ ముంచేసేది. నేను లాప్‌టాప్ మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవాణ్ణి. మనిషికి అడ్డం పెట్టుకోవాలని నాకెప్పుడూ తోచలేదు. ఆయనైతే తల కూడా తిప్పేవాడు కాదు. పొగలోకి ముఖం పెట్టి తెర మీద అంకెలు చూసేవాడు.

మెళ్ళో ఎప్పుడూ తెల్ల తువ్వాలే. సాయంత్రానికి అది బూడిద రంగులోకి వచ్చేది. వ్యాను సర్దేముందు దాంతో ముఖం గట్టిగా తుడుచుకుని, నా ముందు పరిచి చూపించేవాడు. ముక్కు దగ్గర రెండు నల్లటి మచ్చలు ఉండేవి.

"ఈ దినం మనం తిన్నది ఇదప్పా. చూసుకో."

"నల్ల తువ్వాలు కొనుక్కో అన్నా, కనపడదు" అన్నాను ఒకసారి.

"కనపడాల. కనపడకపోతే మనకు బుద్ధెట్లొస్తాది?"

బుద్ధి మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఆయన తువ్వాలు ఉతుక్కుని మర్నాడు తెల్లగా తెచ్చుకునేవాడు. లోపలికి పోయినదాన్ని ఎట్లా ఉతుక్కోవాలో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

మనిషి మాత్రం ఉక్కు. నలభై ఆరేళ్ళు. పొట్ట లేదు, బీడీ లేదు, మందు లేదు. వ్యాను స్టెప్నీ ఒంటి చేత్తో ఎత్తి పెట్టేవాడు. ఇల్లు పెనుకొండలో, కొండ కిందనే. రోజూ పొద్దున్నే కోట కొండ ఎక్కి దిగి, రాగి సంగటి తిని, అప్పుడు వ్యాను తీసేవాడు. నేను ఆ కొండను కింద నుంచి చూసి దండం పెట్టుకునే రకం. ఆయనకు ఏదైనా అవుతుందని ఎవరైనా అని ఉంటే, ఆ అన్నవాడికే ముందు పాలసీ రాసి ఉండేవాణ్ణి.

ఆయనకున్న ఒకే ఒక ఇబ్బందికి పేరు గ్యాసు.

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. మా దగ్గర రొమ్ములో ఏది పట్టినా గ్యాసే. వీపులో పొడిస్తే గ్యాసు, దవడ లాగితే గ్యాసు, చెమటలు పోస్తే గ్యాసు. గుండె అనే మాట ఇంట్లో ఎవరూ పలకరు. పలికితే అదేదో విని లోపలికి వచ్చేస్తుందన్నట్టు దాన్ని గడప బయటే ఉంచుతారు. ఆయన వ్యాన్లో ఉన్న మిషను కూడా గ్యాసు కొలిచే మిషనే. కాబట్టి ఆయన నోట ఈ మాట రోజంతా ఆడుతుండేది. "గ్యాసు ఎక్కువైందప్పా" అంటే బండి సంగతో తన సంగతో నాకు వెంటనే తెలిసేది కాదు. పిడికిలితో రొమ్ము మీద రెండు సార్లు గుద్దుకున్నాడంటే అది తన సంగతి. అప్పుడు పక్కనున్న బండి మీద నిమ్మకాయ సోడా తాగేవాడు. పెద్ద త్రేన్పు వచ్చేదాకా కదలకుండా నిలబడి, వచ్చాక "పోయింది" అనేవాడు. నేను కూడా ఆ త్రేన్పు కోసం ఎదురుచూసేవాణ్ణి. అది వస్తే నా పని నేను చేసుకోవచ్చు.

డాక్టరమ్మ వచ్చింది ఒక గురువారం. పెనుకొండలో కొత్తగా చిన్న క్లినిక్కు పెట్టింది, వయసు ముప్ఫై దాటి ఉండదు. స్కూటీకి చీటీ కావాలని వచ్చింది. ఆయన సైలెన్సరు దగ్గర అరచెయ్యి పెట్టి, వాసన చూసి, "బంగారం మాదిరి ఉండాది మేడం" అని గొట్టం తీసుకున్నాడు. అదే సమయంలో పక్కన లారీ ఒకటి ఎత్తు ఎక్కలేక ఆగి, పొగ కక్కి, కదిలింది. ఆయన రొమ్ము మీద రెండు సార్లు గుద్దుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి అలా ఉంది?" అంది ఆమె.

"గ్యాసు మేడం. సోడా తాగితే పోతాది."

"రోజుకు ఎన్ని గంటలు ఇక్కడే ఉంటారు?"

"పొద్దు మునిగేదాకా ఈడనే."

ఆమె హెల్మెట్ నా బల్ల మీద పెట్టింది. "మీరు నా బండి చూశారు కదా, నేను మిమ్మల్ని చూస్తా" అని ఆయన మణికట్టు పట్టుకుంది. ఒక చేతిలో గొట్టం, ఇంకో చెయ్యి ఆమె చేతిలో, ఆయన సిగ్గుపడుతూ నా వైపు చూశాడు. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఈ పొగలో కంటికి కనపడనంత సన్నటి మసి ఉంటుంది. అది ఊపిరితిత్తుల దగ్గర ఆగదు, రక్తంలోకి దిగుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. గుండె కొట్టుకునే తీరు మారుతుంది. కొన్ని గంటలు పీల్చినా మారుతుంది, మీరు ఏళ్ళ తరబడి పీలుస్తున్నారు."

"నాకు ఏ జబ్బూ లేదు మేడం. దినామూ కొండెక్కుతా."

"జబ్బు లేనివాళ్ళ గురించే చెప్తున్నాను" అంది ఆమె.

బండ్లతో పాటు అడిగినవాళ్ళకు ఆరోగ్య పాలసీలు కూడా రాస్తాను; ఆ ఫారాల్లో ఒక గడి ఉంటుంది, ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయా అని. లేవు అని రాస్తే కంపెనీకి సంతోషం, మనిషికీ సంతోషం. ఆ గడి మీద నాకు ఎంత నమ్మకమంటే, నేను పడుకునేముందు నా గురించి కూడా అందులో మనసులోనే "లేవు" అని రాసుకుని పడుకునేవాణ్ణి. ఆమె ఒక్క మాటతో ఆ గడిని కొట్టిపారేసింది. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆయనకు పొగ ఎంత దూరమో నాకూ అంతే దూరం. నా బల్లకూ ఆయన వ్యానుకూ మధ్య రెండు అడుగులు కూడా లేవు.

వారం రోజులు పోరి ఆయన్ని క్లినిక్కుకు తీసుకుపోయాను. నిజం చెప్పాలంటే ఆయన కోసం ఎంత పోరానో నా కోసమూ అంతే. ఆయనకు బాగుందంటే నాకూ బాగున్నట్టే కదా అనుకున్నాను. నన్ను నేను చూపించుకునే ధైర్యం లేక ఆయన్ని ముందుకు తోశాను.

బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఈసీజీ తీసిన గులాబీ గళ్ళ కాయితం ఊపుకుంటూ వచ్చాడు.

"పాసయినా అప్పా!"

వెనకే ఆమె వచ్చింది. "ఇప్పుడు, పడుకుని ఉండగా, బాగుంది. అంతే. దీన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. నడిపించి, పరిగెత్తించి చూసే పరీక్ష ఇంకొకటి ఉంది, అది చేయించుకోండి" అంది. తర్వాత ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలనుకుంది కాబోలు, "మీ భాషలో చెప్పాలంటే, బండి ఊరికే ఆడుతుంటే చూశాను. రేసులో చూడలేదు" అంది.

ఆ మాట ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఊరికే ఆడుతున్నప్పుడు బుద్ధిమంతుల్లా ఉండి, రేసు ఇవ్వగానే రంగు బయటపెట్టే బండ్లు ఎన్ని చూశాడు! అయినా ఆయన నవ్వేసి, "సరే మేడం, తీరిగ్గా వస్తా" అన్నాడు. ఆ తీరిక మళ్ళీ రాలేదు.

దారిలో జెరాక్సు షాపు దగ్గర ఆగి ఆ కాయితానికి లామినేషన్ చేయించాడు. వ్యాన్లో, మిషను పైన, తన లైసెన్సు కాయితం పక్కన తగిలించాడు. తగిలించాక కాసేపు చూసి, "ఏదో తక్కువైందప్పా" అన్నాడు.

"ఏంటన్నా?"

"గడువు రాయలేదు."

నా జేబులో స్కెచ్ పెన్ను ఉంది. ఆరు నెలలకు ఎప్పుడవుతుందో వేళ్ళ మీద లెక్కేస్తున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. నా వృత్తి విద్య ప్రదర్శించాను. "అదే తేదీ రాయకూడదన్నా. ఈరోజు మొదలైతే, ఆరో నెలలో దీనికి ముందురోజుతో అయిపోతుంది. ఒక రోజు తగ్గించాలి" అన్నాను. ఆయన మెచ్చుకుంటూ తలూపి, నేను చెప్పిన తేదీ వేసి, పక్కన "వరకు" అని రాసి, కింద సంతకం చేశాడు. ఇద్దరం బాగా నవ్వుకున్నాం.

ఆ నవ్వులో నవ్వులాట ఎంత, నమ్మకం ఎంత అని ఇప్పుడు ఆలోచిస్తుంటాను. బండ్లకు ఆరు నెలల చొప్పున మంచితనం రాసిచ్చే మనిషికి, తన గుండెకు కూడా ఎవరో ఆరు నెలలు రాసిచ్చారు అనుకోవడం ఎంత సులువు! చదువుకున్న నాకు కూడా ఆ తేదీ చూస్తే లోపల హాయిగా ఉండేది. ఆయన రొమ్ము గుద్దుకున్నప్పుడల్లా నా కళ్ళు ఆ కాయితం మీదికి పోయేవి. ఇంకా ఉంది కదా అనుకునేవాణ్ణి.

మూడు నెలలకు అనుకుంటాను, ఆయన బలవంతం మీద ఒక ఆదివారం పొద్దున కొండ ఎక్కడానికి పోయాను. సగం దూరంలో నేను కూలబడతానని నాకు తెలుసు, కూలబడ్డాను. తల ఎత్తి చూస్తే ఆయన కూడా ఆగి ఉన్నాడు. నాకంటే ఇరవై మెట్లు పైన, నాకు పక్కగా తిరిగి, కోట గోడకు ఒక చెయ్యి ఆనించి నిలబడ్డాడు. రెండో అరచెయ్యి తన నోటికి ఎదురుగా జానెడు దూరంలో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. తన ఊపిరి తాను చూసుకుంటున్నాడు.

నేను చూస్తున్నానని తెలిసి చెయ్యి దించేశాడు. "ఐడిలింగు సరిగా లేదప్పా" అని నవ్వాడు. పెదాల చుట్టూ పాలిపోయి ఉంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకేదో మాట్లాడాల్సి వస్తుంది. ఆ రోజు మేము పైదాకా పోలేదు. దిగేటప్పుడు ఆయన నన్ను ముందు నడవమన్నాడు, ఎప్పుడూ తానే ముందు నడిచే మనిషి.

ఇక ఆ శనివారం. ధర్మవరంలో పోలీసులు చెకింగ్ పెట్టారు. చెకింగ్ ఉన్న రోజంటే మా ఇద్దరికీ పండగ. పొద్దున్నుంచి బైకులు, ఆటోలు, చీరల మూటలు కట్టుకున్న మోపెడ్లు వరస కట్టాయి. ఎవడూ ఇంజను ఆపడు, ఆపితే వరసలో వెనకబడతానని భయం. అన్నీ నిలబడి ఆడుతూనే ఉన్నాయి. గాలి లేదు. మధ్యాహ్నానికి నా కళ్ళు మండుతున్నాయి, నాలుక మీద చేదుగా ఉంది. మూడు గంటలప్పుడు ఆయన రెండు సార్లు గుద్దుకున్నాడు. ఆగి, మళ్ళీ రెండు సార్లు గుద్దుకున్నాడు.

"గ్యాసు ఎక్కువైందప్పా."

"బండిదా, నీదా?"

"నాదే లే."

నేనే లేచాను. నేనే సోడా బండి దగ్గరికి పోయి నిమ్మకాయ పిండించాను, ఉప్పు ఎక్కువ వేయమన్నాను, నా చేత్తో తెచ్చి ఇచ్చాను. తాగాడు. వీపు మీద నేనే చరిచాను. త్రేన్పు వచ్చింది. "పోయింది చూడు" అన్నాడు. ముఖమంతా చెమట. ఎండ కదా అనుకున్నాను.

"అన్నా, ఈరోజుకు కట్టేద్దామా? ఆ డాక్టరమ్మకు ఒకసారి ఫోను చేసేదా?"

ఆయన చేతిలోని గొట్టంతో మిషను పైనున్న లామినేషన్ కాయితాన్ని చూపించాడు. "ఇంగా గడువుండాది కదప్పా" అన్నాడు. నిజమే, నెల పైనే ఉంది. నేను వెనక్కి తగ్గాను.

"నీ బండిది అయిపోతాండాది కదా, తే, చేసేద్దాం" అని వరసలో ఉన్నవాళ్ళను ఆపి నా బైకు ముందుకు పెట్టించాడు. అరచెయ్యి పెట్టాడు, వాసన చూశాడు, ఏమీ అనలేదు. గొట్టం పెట్టాడు, ఫొటో తీశాడు, చీటీ నా చేతిలో పెట్టాడు. ఆయన వేళ్ళు చల్లగా తగిలాయి. సోడా సీసా పట్టుకున్నాడు కదా అనుకున్నాను. ఆ రోజు ప్రతిదానికీ నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది.

తర్వాత డీజిలు ఆటో. ఆయన వ్యాను మెట్టు మీద కూర్చుని, గొట్టం పెట్టి, "ఇయ్యప్పా రేసు" అన్నాడు. నేను ఎవరిదో ఆర్సీ నంబరు కొట్టుకుంటున్నాను. ఆటో గర్జిస్తోంది. "ఇంగా" అన్నాడు. ఆటో ఇంకా గర్జించింది. పొగ మా మీదికి వచ్చింది, నేను అలవాటుగా లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టాను. గర్జన ఆగలేదు. చాలాసేపు ఆగలేదు. ఇంత సేపు ఎందుకు తొక్కిస్తున్నాడు అనుకున్నాను, తల ఎత్తలేదు.

ఆటో డ్రైవరే అరిచాడు. "సాలు అను అన్నా! ఇంజను పోతాది!"

అప్పుడు చూశాను. ఆయన వ్యాను తలుపుకు తల ఆనించి తెర వైపు చూస్తున్నాడు. గొట్టం చేతిలోనే ఉంది. డ్రైవరు ఆ "సాలు" కోసం ఇంకా తొక్కుతూనే ఉన్నాడు.

అదే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడ వాళ్ళు ఎక్కువసేపు చూడలేదు. జనం రకరకాలుగా అన్నారు. "నిన్న కూడా కొండెక్కినాడు కదప్పా" అన్నారు. "గ్యాసు గుండెకు ఎక్కింది" అన్నారు. సోడా ఇచ్చింది నేనని ఎవరికీ తెలియదు. సోడా బండాయనకు తెలుసు, ఆయన ఈరోజుకీ నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు. తన నిమ్మకాయ వల్ల అయిందని ఆయన భయం. నా మీద కోపమని నా భయం. మాట్లాడుకుంటే ఇద్దరికీ తేలిక, కానీ మాట్లాడుకోలేదు.

డాక్టరమ్మను తర్వాత ఒకసారి రోడ్డు మీద చూసి అడిగాను, పొగ వల్లేనా అని. "పొగ ఒక్కటే అని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను" అంది. "మీరెప్పుడు వస్తారు?" అని ఎదురు అడిగింది. వస్తానమ్మా, తీరిగ్గా వస్తానన్నాను. ఆ మాట నా నోట వచ్చాక అది ఎవరి మాటో గుర్తొచ్చింది.

వ్యానుకు వేరే మనిషి వచ్చాడు. మాస్కు వేసుకుంటాడు, అరచెయ్యి పెట్టడు. ఆ లామినేషన్ కాయితం నేను విప్పి తెచ్చుకున్నాను, నా లాప్‌టాప్ సంచిలో ఉంది. ఆయన రాసిన గడువు తేదీ వచ్చిన రోజు నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. ఏమవుతుందనుకున్నానో నాకే తెలియదు. మంచం మీద కూర్చుని, మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకుని, సాయంత్రం దాకా లెక్కపెట్టాను. మధ్యలో ఒకటి తప్పినట్టు అనిపిస్తే మళ్ళీ మొదటి నుంచి. అప్పటి నుంచి అదే అలవాటైంది. ఎదురుగా పార్టీ కూర్చుని నామినీ పేరు చెబుతుంటాడు, బల్ల కింద నా వేళ్ళు నాడి మీద ఉంటాయి. మధ్యాహ్నం మూడు గంటలు దాటితే రొమ్ములో సన్నగా ఏదో బిగుస్తుంది. నిజంగా బిగుస్తుందో, బిగుస్తుందేమోనని నేను ఎదురుచూడటం వల్ల బిగుస్తుందో, అది కూడా తెలియదు. బల్లను వ్యాను నుంచి దూరంగా జరుపుకున్నాను. దూరంగా జరిపితే బస్సులు దగ్గరైనాయి. ఈ రోడ్డులో పొగ లేని చోటు నాకు దొరకలేదు, రోడ్డు వదిలేస్తే తిండి లేదు.

పోయిన వారం ఆ కానిస్టేబులు చీటీ నా చేతికి తిరిగిచ్చి, "రేపైనా తీయించుకోండి సార్" అని వదిలేశాడు. హిందూపురం చేరేదాకా ఆ రెండు వేళ్ళు నా కళ్ళ ముందు నుంచి కదలలేదు. ఇంటి ముందు బండి స్టాండు వేస్తుంటే రొమ్ము మధ్యలో పట్టేసింది. ఈసారి సన్నగా లేదు. ఎడమ భుజం దాకా బరువు. అరుగు మీద కూలబడ్డాను. పిడికిలి దానంతట అదే లేచి రెండు సార్లు రొమ్ము మీద గుద్దింది.

మా ఆవిడ బయటికొచ్చింది. "ఏమైంది? అట్ల చెమటలు పోస్తాండాయి? పొద్దున్నుంచి ఏం తినింటారు, గ్యాసు పట్టినట్టుండాది. కూకోండి, నిమ్మకాయ పిండి సోడా కలిపిస్తా."

ఆమె లోపలికి తిరిగింది. వంటింట్లో కత్తి తీసిన చప్పుడు, నిమ్మకాయ కోసిన చప్పుడు వినిపించాయి. ఆ సోడా తాగాలని నాకు ఎంత ఆశగా ఉండిందో చెప్పలేను. తాగితే త్రేన్పు వస్తుంది, వస్తే పోయింది అనుకోవచ్చు, అనుకుంటే ఇంకో రోజు గడిచిపోతుంది. గ్లాసు పట్టుకుని నా ముందుకు వచ్చింది.

"గ్యాసు కాదు" అన్నాను. మళ్ళీ అన్నాను. "గ్యాసు కాదే. గుండె."

మా ఇంట్లో ఆ మాట వినపడటం అదే మొదటిసారి. ఆమె గ్లాసు అరుగు మీద పెట్టేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆటో కోసం వీధి చివరకు పరుగెత్తింది. కారు దొరికింది. ఏ ఆస్పత్రికి అని డ్రైవరు అడిగితే పెనుకొండ డాక్టరమ్మ దగ్గరికే అన్నాను. ఇంత ఊళ్ళో ఆస్పత్రులు పెట్టుకుని దూరం పోవడం తెలివితక్కువ పని అని తెలుసు. కానీ ఆ సమయంలో నా భయం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఆమె మాత్రం నన్ను చూడగానే అందుకే తిట్టింది, దగ్గరున్న ఆస్పత్రికి ఎందుకు పోలేదని. తిడుతూనే చొక్కా విప్పించింది. చల్లటి బిళ్ళలు రొమ్ము మీద అంటించింది. మిషను కీచుమంటూ గులాబీ గళ్ళ కాయితం బయటికి తోసింది. దాన్ని ఆమె చూస్తున్నంతసేపూ నేను ఆమె కనుబొమ్మలు చూశాను. రక్తం తీశారు, కొన్ని గంటలు అక్కడే పడుకోబెట్టి మళ్ళీ కాయితం తీశారు, మళ్ళీ రక్తం తీశారు.

"ఇప్పటికి బాగుంది" అంది చివరకు. "బీపీ ఎక్కువుంది, మాత్ర రాస్తాను. మిగతాది గురువారం చూద్దాం. నడిపించి, పరిగెత్తించి. ఈసారి తీరిక అనకండి."

"రేసులో చూస్తారా అమ్మా" అన్నాను.

ఆమె చటుక్కున నా ముఖం చూసింది. ఆయన ఆమెకూ గుర్తొచ్చాడు. కాయితం నా చేతికి ఇచ్చింది.

తీసుకోగానే నా కళ్ళు అలవాటుగా కిందికి పోయాయి, ఎక్కడిదాకా ఉందో చూసుకోవడానికి. "వరకు" అనే మాట ఎక్కడా లేదు. తీసిన తేదీ ఉంది, దాని పక్కన గంట, నిమిషం ఉన్నాయి. తల ఎత్తి గోడ గడియారం చూశాను. అది తీసి అప్పటికే పదకొండు నిమిషాలు దాటింది.